మిరియాలు తింటే ఒళ్ళు తగ్గుతుందా?

ఈ మధ్య మన క్లాసులో మొదటి పీరియడ్‌కి ముందు నాలుగైదు ఫ్లాస్కులు తెరుచుకుంటున్నాయి. వాటిలో ఉండేది కాఫీ కాదు. వేడినీళ్ళు, మిరియాల పొడి, తేనె, నిమ్మరసం. "పరగడుపున ఇది తాగి టిఫిన్ మానేస్తే నెలకి మూడు కిలోలు తగ్గుతాం" అని ఒకరిని చూసి ఒకరు మొదలుపెట్టారు. మొదలుపెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. అక్క పెళ్ళికి కుట్టించుకున్న జాకెట్టు బిగుతయిందని నెలన్నర పాటు తాగాను. రెండు కిలోలు తగ్గాను కూడా. పెళ్ళయిన ఇరవై రోజులకి ఆ రెండు కిలోలూ తిరిగొచ్చాయి. కడుపులో మంట మాత్రం అలాగే ఉండిపోయింది.

అంతటితో ఊరుకునేదాన్నే. కానీ నన్ను చూసి మా అజ్జి "నాకూ ఓ లోటా కలపవే" అంది. అజ్జి రోజూ రెండు పూటలా మాత్రలు వేసుకుంటుంది. అప్పుడు నాకు భయం వేసింది. నేను తాగేటప్పుడు అడగని ప్రశ్న, అజ్జికి ఇచ్చేటప్పుడు అడగాలనిపించింది: అసలు ఈ మిరియం ఒంట్లోకి వెళ్ళి ఏం చేస్తుంది? తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

మిరియం కథ

మిరియాల తీగకి కాసిన పచ్చి గింజల్ని పండకముందే కోసి ఎండబెడితే అవి నల్లబడి ముడతలు పడతాయి. మన చుట్టుపక్కల కొడగు, చిక్కమగళూరు, హాసన్ కాఫీ తోటల్లోనూ, ఆంధ్రాలో అరకు, పాడేరు, చింతపల్లి కొండల్లోనూ నీడ చెట్లకి ఈ తీగలు పాకిస్తారు. పోర్చుగీసువాళ్ళు మిరపకాయ తెచ్చేదాకా మన వంటల్లో ఘాటంటే ప్రధానంగా మిరియాలదే. కొత్తగా వచ్చిన కాయకి మనవాళ్ళు పాత దినుసు పేరే పెట్టుకున్నారు. తెలుగులో మిరియం నుంచి మిరపకాయ, కన్నడంలో మెణసు నుంచి మెణసినకాయి. మా ఇంట్లో అమ్మ కన్నడం, నాన్న తెలుగు కాబట్టి మిరియాల చారుకి, మెణసిన సారుకి రోజూ పోటీ. గిన్నెలో ఉండేది మాత్రం ఒకటే.

ఆ ఘాటుకి కారణం పైపరిన్ అనే పదార్థం. 1819లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఓర్‌స్టెడ్ దాన్ని మిరియాల నుంచి వేరుచేశాడు. మరుసటి ఏడాదే విద్యుత్తుకీ అయస్కాంతానికీ సంబంధం ఉందని కనిపెట్టింది కూడా ఈయనే.

నమ్మకం ఎక్కడి నుంచి వచ్చింది?

మొదటి కారణం చెమట. మన నోట్లో వేడిని పసిగట్టే నరాల కొసలుంటాయి. పైపరిన్ వాటినే తట్టి లేపుతుంది. అందుకని చల్లారిన చారు తాగినా వేడి తగిలినట్టు మెదడుకి కబురు వెళుతుంది, నుదుటి మీద చెమట పడుతుంది. దాన్ని చూసి "కొవ్వు కరుగుతోంది" అనుకుంటాం. చెమటలో పోయేది నీళ్ళూ ఉప్పూ. ఒక గ్లాసు మంచినీళ్ళు తాగితే ఆ బరువు మళ్ళీ వచ్చేస్తుంది.

రెండోది మన వైద్యం. శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు కలిపిన త్రికటు చూర్ణాన్ని అరుగుదల కోసం ఇస్తారు. "అరిగితే కరిగినట్టే" అని మనం రెండిటినీ కలిపేశాం. కానీ అరగడమంటే తిన్నది ఒంటికి పట్టడం. కరగడమంటే పట్టింది ఖర్చవడం. రెండూ వేరు.

మూడోది సైన్సు పేరుతో వచ్చింది. 2012లో దక్షిణ కొరియాలోని సేజాంగ్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఒక పరిశోధన ప్రచురించారు. కొవ్వు కణాలుగా మారబోయే ఎలుక కణాలకి పైపరిన్ ఇస్తే ఆ మార్పు తగ్గిందని తేల్చారు. పరిశోధన నిజమే. అయితే అవి గాజు పాత్రలో పెంచిన కణాలు. వాటికి కడుపు లేదు, కాలేయం లేదు, ఆకలి లేదు, పక్కింట్లో పెళ్ళి భోజనం లేదు.

మనుషుల మీద చూస్తే

డెన్మార్క్‌లోనే 22 మంది యువకులకి భోజనంలో ఒక రోజు మిరియాలు, ఒక రోజు ఆవాలు, ఒక రోజు అల్లం, ఇలా మార్చి మార్చి పెట్టి, తిన్న తర్వాత ఒళ్ళు ఎంత శక్తి ఖర్చు పెట్టిందో కొలిచారు. మిరియాలు 1.3 గ్రాములు, అంటే ముప్పై గింజల దాకా. ఖర్చులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, ఆకలీ తగ్గలేదు. 2013లో ఈ ఫలితాలు వచ్చాయి. స్వీడన్‌లో 2018లో వచ్చిన ఇంకో పరిశోధనలో మిరియాల పానీయం తాగినవాళ్ళు తినాలన్న కోరిక కొంచెం తగ్గిందని చెప్పారు. కానీ ఆకలికి సంబంధించిన హార్మోన్లలో మార్పు కనబడలేదు. అది కూడా ఒక పూట సంగతి. నెలల తరబడి బరువు తగ్గడం సంగతి కాదు.

సరే, మిరియాల వల్ల రోజుకి ఒక పది కేలరీలు అదనంగా ఖర్చవుతాయనే అనుకుందాం. ఒక కిలో కొవ్వుకి సుమారు 7,700 కేలరీలని లెక్క. అంటే 770 రోజులు. ఫస్టియర్ మొదట్లో ఫ్లాస్కు పట్టుకుంటే ఫైనలియర్‌కి ఒక కిలో! ఈలోగా ఆ ఫ్లాస్కులో మనం కలిపే తేనె పెద్ద చెంచాడుకి 60 కేలరీలు పైనే. కట్టె పొంగలిలోనూ అంతే. మిరియాలు ఎన్ని వేసినా, పైన పోసిన నెయ్యి చెంచాడుకి 120 కేలరీలు తగ్గదు.

మరి నా రెండు కిలోలు ఎలా తగ్గాయి? టిఫిన్ మానేసినందుకు. పేరు మాత్రం మిరియానికి వచ్చింది.

మన బెంగళూరులో తేలింది

మిరియం ఏమీ చేయదా అంటే, చేస్తుంది. అది తేల్చింది మన ఊళ్ళోనే. సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ పరిశోధకులు 1998లో ప్రచురించిన పరిశోధన ఇది. పసుపులోని కుర్కుమిన్ అనే పదార్థాన్ని 2 గ్రాములు ఒట్టిగా ఇస్తే మనుషుల రక్తంలోకి దాదాపు చేరలేదు. దాంతోపాటు 20 మిల్లీగ్రాముల పైపరిన్ ఇస్తే చేరడం ఇరవై రెట్లు పెరిగింది. 20 మిల్లీగ్రాములంటే సుమారు పది మిరియపు గింజల్లో ఉండేంత.

ఇది ఎలా జరుగుతుందంటే, పేగు గోడల్లోనూ కాలేయంలోనూ కొన్ని ఎంజైములు కాపలా ఉంటాయి. లోపలికి వచ్చిన కొత్త పదార్థాలకి చీటీ అంటించి బయటికి పంపడం వాటి పని. పైపరిన్ వాటి చేతులు కాసేపు కట్టేస్తుంది. పక్కనున్న పదార్థం ఆ సందులో లోపలికి వెళ్ళిపోతుంది. అంటే మిరియం గట్టిగా పనిచేసేది మన కొవ్వు మీద కాదు, తనతో కలిసి వచ్చిన దాని మీద.

ఇక్కడే నాకు అజ్జి మాత్రలు గుర్తొచ్చాయి. ఆ కాపలా మందులకి కూడా ఉంటుంది. మూర్ఛకి వాడే ఫెనిటాయిన్, రక్తపోటుకి వాడే ప్రొప్రనొలాల్, ఉబ్బసానికి వాడే థియోఫిలిన్ లాంటివి పైపరిన్‌తో కలిస్తే రక్తంలో ఎక్కువ చేరుతున్నాయని పరిశోధనల్లో తేలింది. డాక్టరు కొలిచి రాసిన మోతాదు, మనకి తెలియకుండానే పెద్దదవుతుందన్నమాట. చారులో వేసే చిటికెడుకి కంగారు పడక్కర్లేదు. రోజూ పరగడుపున చెంచాడు పొడి, లేదా బరువు తగ్గిస్తామంటూ అమ్మే పైపరిన్ మాత్రలు, ఇవి వేరే సంగతి. అజ్జికి లోటా ఇవ్వలేదు. "ముందు డాక్టరుని అడుగుదాం అజ్జీ" అన్నాను. "చారులో వేసేది ఎన్నేళ్ళుగా తింటున్నానే, ఇదేం కొత్త?" అని కోప్పడింది. కొత్త మిరియం కాదు, మోతాదు.

అయితే మిరియాలు మానేయాలా?

అక్కర్లేదు. ఉప్పు, నూనె తగ్గించిన వంట చప్పగా ఉంటుంది, రెండు రోజులకే విసుగు పుడుతుంది. అక్కడ మిరియం నిజంగా సాయం చేస్తుంది. ఉడికించిన కూర మీద, మజ్జిగలో, రాగి ముద్దకి తోడు సారులో కాస్త దంచి వేస్తే తినబుద్ధవుతుంది. బరువు తగ్గితే అది ఆ తిండి వల్ల, నడక వల్ల. మిరియం రుచికి సాక్షి మాత్రమే.

ఫ్లాస్కు స్నేహితురాళ్ళకి ఒక్క మాట. తాగాలనుంటే తాగండి, జలుబుకి గొంతుకి హాయిగానే ఉంటుంది. తేనె తగ్గించండి. కడుపులో మంటగా ఉంటే ఆపేయండి. రోజూ మందులు వాడేవాళ్ళుంటే డాక్టరుని అడగండి. టిఫిన్ మాత్రం మానకండి. గత నెల రెండో పీరియడ్‌లో నాకు కళ్ళు తిరిగితే, నోట్లో చక్కెర పోసి బెంచీ మీద పడుకోబెట్టింది మీరే. ఆ రోజు నేను ఇంట్లో వదిలేసి వచ్చినవి రెండు ఇడ్లీలు. నాకు ఇంకో సైజు జాకెట్టు కుట్టించడానికి టైలరు తీసుకున్న టైము ఒక్క పూట.

— ద్వితీయ బి.ఏ. విద్యార్థిని