దఖాబ్రఖా సంగీతం: జానపద గళం – ఆధునిక ప్రయోగం

ఉపోద్ఘాతం

జానపద గేయం ఊరు విడిచి వేదిక ఎక్కినప్పుడు దానిలో ఏది నిలుస్తుంది, ఏది మారుతుంది అన్న ప్రశ్న జానపద విజ్ఞానంలో పాతదే. సాహిత్యం, బాణీ మిగిలితే పాట మిగిలినట్టేనని సాధారణంగా భావిస్తారు. ఉక్రెయిన్‌కు చెందిన దఖాబ్రఖా బృందం ఈ భావనను పునఃపరిశీలించవలసిన అవసరాన్ని కల్పించింది. వాద్యాలను, లయను, పాట నిర్మాణాన్ని స్వేచ్ఛగా మార్చిన ఈ బృందం గ్రామీణ స్త్రీల గాన పద్ధతిని మాత్రం వదులుకోలేదు. ఆ ఎంపికకు గల ప్రాధాన్యాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

బృందం – నేపథ్యం

2004లో కీవ్ నగరంలోని ‘దఖ్’ కళా కేంద్రంలో ప్రయోగశీల నాటక దర్శకుడు వ్లాదిస్లావ్ త్రోయిత్స్కీ ఈ బృందానికి రూపకల్పన చేశారు. మార్కో హలనేవిచ్, ఇరీనా కొవలెంకో, ఒలేనా త్సిబూల్స్కా, నీనా హరెనెత్స్కా ఇందులోని సభ్యులు. స్త్రీలు ముగ్గురూ జానపద సంగీతాన్ని శాస్త్రంగా అధ్యయనం చేసి, గ్రామాలలో పాటలు సేకరించినవారు. హలనేవిచ్ నాటకరంగం నుంచి వచ్చారు. అంటే క్షేత్ర పర్యటన, నాటక ప్రయోగం అనే రెండు ధారలు ఇక్కడ కలిశాయి. బృందం పేరుకు మూలం పాత ఉక్రేనియన్‌లో ఇవ్వడం, తీసుకోవడం అనే అర్థాలున్న క్రియలు. తెలుగులో దానిని ‘ఇచ్చిపుచ్చుకోవడం’ అనవచ్చు. తమ శైలిని వారు ‘ఎత్నో కేయాస్’ అని పిలుచుకుంటారు.

గాన పద్ధతి

ఉక్రెయిన్ గ్రామాలలో స్త్రీలు ఆరుబయట, పొలాల్లో, వసంత వేడుకల్లో, పెళ్లిళ్లలో గుంపుగా పాడేవారు. గొంతును పూర్తిగా తెరిచి, ఛాతీ బలంతో, నేరుగా పలికే ఈ పద్ధతిని ‘తెల్లని గొంతు’ అంటారు. ఒకరు పాట ఎత్తుకుంటారు, మిగిలినవారు అందుకుంటారు. పలుచోట్ల ఒక గొంతు అందరికన్నా పైస్థాయిలో సాగుతుంది. దగ్గరి స్వరాలు ఒకదానితో ఒకటి ఒరుసుకుంటాయి.

సోవియట్ కాలంలో జానపదానికి వేదికపై ప్రధాన ప్రతినిధులు పెద్ద వృత్తి బృందాలు. 1943లో హ్రిహోరీ వెర్యోవ్కా నెలకొల్పిన గాయక బృందం వీటిలో ప్రసిద్ధమైనది. నిర్వాహకుని చేతి సంజ్ఞ, వాద్యబృందం, నృత్యం, ఏకరూప వేషధారణ కలిసిన ఇటువంటి ప్రదర్శనలో పాట విస్తృత ప్రచారం పొందింది. అయితే ప్రాంతానికొక తీరుగా ఉండే గళ భేదాలు చాలావరకు సమసిపోయాయి. దీనికి భిన్నంగా, 1979లో కీవ్‌లో ఏర్పడిన ‘ద్రెవో’ బృందం గ్రామీణ గాయకుల పద్ధతినే యథాతథంగా నేర్చుకుని పాడే మార్గాన్ని చేపట్టింది. దఖాబ్రఖా ఈ రెండో మార్గానికి వారసురాలు. అయితే అక్కడితో ఆగలేదు.

వాద్య ప్రయోగం

పశ్చిమాఫ్రికా జెంబే, అరబ్బు ప్రాంతపు దర్బుకా, భారతీయ తబలా, అకార్డియన్, చెల్లో ఈ బృందం వాద్యాలలో ఉన్నాయి. చెల్లోను కమానుతో వాయించడమే కాక, వేళ్లతో మీటి మంద్రస్వరాల ఆధారంగా వాడతారు. ఒక చిన్న స్వరఖండాన్ని పదేపదే వినిపిస్తూ క్రమంగా ఉద్ధృతిని పెంచడం వీరి నిర్మాణ సూత్రం. ఇది ఆధునిక మినిమలిస్టు సంగీతానికి దగ్గరిది. అదే సమయంలో పునరావృత్తి కర్మకాండ గేయాల సహజ లక్షణం కూడా. అందువల్ల పాతకొత్తల కలయిక ఇక్కడ పైపూతగా కాక, రెండింటిలోనూ ముందే ఉన్న ఉమ్మడి గుణంపై నిలబడింది. ‘లైట్’ ఆల్బమ్‌లోని ‘కార్పాతియన్ రాప్’ పేరులోనే ఈ సమ్మేళనం కనిపిస్తుంది.

జ్ఞాపకం – చరిత్ర

అలెగ్జాండర్ దొవ్జెంకో 1930లో తీసిన మూకీ చిత్రం ‘భూమి’కి ఈ బృందం సంగీతం సమకూర్చింది. సామూహిక వ్యవసాయం అడుగుపెడుతున్న ఉక్రెయిన్ పల్లె ఆ చిత్రానికి ఇతివృత్తం. చిత్రం వచ్చిన రెండేళ్లకే, 1932–33లో, మహాక్షామం ఆ పల్లెలను కబళించింది. తెరపై మాట లేని ముఖాలకు పల్లె గొంతు తోడైనప్పుడు జానపద గానం అలంకారంగా కాక సాక్ష్యంగా పనిచేస్తుంది. 2016లో వచ్చిన ‘ద రోడ్’ ఆల్బమ్‌లో క్రిమియన్ తాతారుల పాట కూడా చోటుచేసుకుంది. 2014లో రష్యా క్రిమియాను ఆక్రమించిన తరువాత ఆ ఎంపికకు రాజకీయార్థం కూడా ఏర్పడింది.

ఒక అభ్యంతరం

వసంతాన్ని ఆహ్వానించే పాటను విదేశీ సంగీతోత్సవంలో పాడితే దాని సందర్భం నశించదా అన్నది సమంజసమైన అభ్యంతరమే. కర్మకాండ ప్రయోజనం వేదికపై నిలవదు. కానీ 1986 చెర్నోబిల్ ప్రమాదం తరువాత ఖాళీ అయిన పోలీస్యా గ్రామాలలో ఆ సందర్భాన్ని మోసిన సమాజాలే చెదిరిపోయాయి. పాడేవారు చెల్లాచెదురైన చోట గాన పద్ధతిని మరో శరీరం నేర్చుకోకపోతే, మిగిలేది కాగితం మీది పాఠం, భాండాగారంలోని ధ్వనిముద్రణ మాత్రమే.

ముగింపు

దఖాబ్రఖా అనుభవం బట్టి జానపద సంప్రదాయపు గుర్తింపు వాద్యంలోనో వేషంలోనో కాక, గొంతు వాడే తీరులో, గొంతులు కలిసే తీరులో ఉంటుందని చెప్పవచ్చు. ఆ కేంద్రం స్థిరంగా ఉంటే చుట్టూ ఎంతటి ప్రయోగానికైనా తావుంది; అది జారితే పాతవాద్యాలు కూడా పాటను కాపాడలేవు. గేయాన్ని ప్రధానంగా సాహిత్య పాఠంగా సేకరించి ముద్రించే పరిశోధనకు, తెలుగు జానపద పరిశోధనతో సహా, దీనిలో ఒక సూచన ఉంది. పాటతోపాటు ఎవరు ఎత్తుకున్నారు, ఎవరు ఎక్కడ అందుకున్నారు, ఊపిరి ఎక్కడ ఆపారు అన్నవి కూడా నమోదు కావాలి. రేపటి ప్రయోగకర్త తీసుకోవలసింది, తిరిగి ఇవ్వవలసింది ఆ వివరాలనే.