ఆంగ్ల నౌకాపదములు – వాని చెక్ పర్యాయములు

షేక్స్పియర్ తన 'వింటర్స్ టేల్' నాటకమున బొహీమియాకు సముద్రతీరమును కల్పించి, ఒక ఓడను అచ్చట మునుగజేసెను. సముద్రమే దాపున లేని దేశములో ఓడ మునుగుట యేమని బెన్ జాన్సన్ 1619లో ఎత్తిపొడిచెను. బొహీమియా యనగా నేటి చెక్ దేశపు పశ్చిమభాగము. దానికి నలువైపుల నేలయే. అట్టి దేశపు భాష, సముద్రముమీద పెరిగిన ఆంగ్లమునందలి పడవమాటలకు సాటిమాటలను ఎచ్చట వెదకికొన్నది? ద్విభాషాకోశములను కూర్చువారు ఈ విషయమును కొంత నిదానించి చూడదగును. ఏలయన ఇచ్చట ఒక మాటకు ఎదురుగా ఒక మాటను నిలుపు పద్ధతి పలుచోట్ల చెడుచున్నది.

చెక్ పదములను ఇందు తెలుగులిపిలో ఇంచుమించుగా వ్రాయుచున్నాను. రకార జకారములు ఒక్కసారిగా పలికినట్లుండు ఆ భాషలోని ప్రత్యేకధ్వనికి మన లిపిలో గుర్తు లేదు గనుక రకారముతోనే సరిపెట్టుచున్నాను.

సులభమైన వానిని మొదట చెప్పుదును. ఆంగ్లమున నౌక కుడిప్రక్కకు 'స్టార్‌బోర్డ్' అని పేరు. పూర్వము నౌకను నడుపు తెడ్డును కుడివైపున కట్టెడివారు. 'నడుపు ప్రక్క' అనునదియే ఆ పదమునకు మూలార్థము. ఎడమప్రక్కకు ఉండిన 'లార్‌బోర్డ్' అను పాతపేరు దీనితో వినికిడిలో కలిసిపోవుచున్నందున, బ్రిటిష్ నౌకాదళము 1844లో దానిని తొలగించి 'పోర్ట్' అను మాటను నియమించెను. చెక్ భాషలో ఇంత కథ లేదు. కుడిప్రక్క 'ప్రవొబొక్', ఎడమప్రక్క 'లెవొబొక్'. 'బొక్' అనగా ప్రక్క. కేవలము కుడి, ఎడమ అన్నచో మనిషి వెనుదిరిగినప్పుడెల్ల అవి తారుమారగును. ప్రక్క అను మాట చేరి సమాసమైనందున అవి మనిషిని విడిచి నౌకను అంటిపెట్టుకొన్నవి. నౌక ముందుభాగము 'ప్రీద్య', వెనుకభాగము 'జాద్య'; ముందు, వెనుక అనునర్థముల ధాతువులు వానిలో స్పష్టముగనే ఉన్నవి.

ఇక కష్టమైన మాట 'షీట్'. నౌకాపరిభాషలో దీనికి తెరచాప అని అర్థము కాదు. తెరచాప క్రిందిమూలకుగాని, దానిని పట్టియుంచు అడ్డకొయ్యకుగాని కట్టి, చాపను బిగించుటకును సడలించుటకును వాడు త్రాటికి ఆ పేరు. సామాన్యకోశమును నమ్మినవాడు దీనిని దుప్పటియనియో, కాగితమనియో, లోహపు రేకనియో గ్రహించును. చెక్ అనువాదకునికి ఇంకొక ఉచ్చు కూడ కలదు. పరచిన గుడ్డ యను సామాన్యార్థమున 'షీట్'కు చెక్ మాట 'ప్లఖ్త'. ఆ 'ప్లఖ్త'యే నౌకలో తెరచాపకు పేరు! కావున తప్పు అనువాదము సైతము నౌకాపదమువలెనే కనబడి మోసపుచ్చును. ఉన్నట్టుండి గాలి విసరినప్పుడు 'షీట్ వదలుము' అను కేక పుట్టును. త్రాడు వదలినచో చాప గాలిని విడిచి రెపరెపలాడును, పడవ తిన్ననగును. వదలనిచో చిన్నపడవ ఒరిగి బోల్తాపడవచ్చును. అట్టి క్షణమున త్రాటికి బదులు చాప యని వినినవాడు ఏమి చేయును?

ఈ త్రాటికి సరియైన చెక్ మాట 'ఒత్యెజ్'. అది గుఱ్ఱపు కళ్ళెమునకు కట్టు పగ్గమునకు పేరు. చేత పట్టుకొని, లాగుచు సడలించుచు, బలమైన దానిని అదుపున ఉంచునది పగ్గము. తెరచాపత్రాడు చేయునదియు అదియే. ఆంగ్లనామము దాచిపెట్టిన పనిని చెక్ నామము బయటపెట్టుచున్నది. ఈ విషయమున సముద్రము నెరిగిన భాషకంటె గుఱ్ఱము నెరిగిన భాషయే మంచి పేరు పెట్టినదని నా అభిప్రాయము. తెలుగు నౌకాకోశము కూర్చువారు కూడ 'పగ్గము'ను పరిశీలింపవచ్చును. తెరచాపను పైకెత్తు త్రాడు 'వీతహ్', అనగా పైకి లాగునది. నేడు మేడలలోని లిఫ్టుకు కూడ చెక్ ప్రజలు వాడు మాట ఇదియే.

క్రియలలో కూడ జాగ్రత్త వలయును. ఆంగ్లమున ఆవిరియోడయు 'సెయిల్' చేయును. చెక్ భాషలో 'ప్లఖ్తిత్' అనునది తెరచాపతో పోవుటకును, ఇంజను లేని విమానము గాలిలో తేలిపోవుటకును చెల్లును, ఆవిరియోడకు చెల్లదు. దానికి 'ప్లౌత్' అను క్రియ కావలెను. ఇది సంస్కృతమున 'ప్లు' ధాతువునకు జ్ఞాతి. తెప్ప యనునర్థమున మనము చదువు 'ప్లవము' దాని తోబుట్టువు. తెడ్డునకు పేరైన 'వెస్లొ' కూడ, మోయు, కొనిపోవు అను నర్థము గల స్లావ్ ధాతువునుండి పుట్టి, మన 'వహ్' ధాతువుతో చుట్టరికము కలిగియున్నది.

చిన్న పడవకును పెద్ద ఓడకును ఆంగ్లమున వేరువేరు మాటలు. చెక్ భాషలో 'లొద్య' రెంటికిని చెల్లును. చిన్నదానికి 'చ్లున్' కూడ కలదు. జెరోమ్ రచించిన 'త్రీ మెన్ ఇన్ ఎ బోట్' చెక్ అనువాదమున 'చ్లున్' అను మాటతోనే పేరు పొందినది. ఆంగ్లనావికులు తమ ఓడను స్త్రీగా వ్యవహరింతురు. 'లొద్య' స్త్రీలింగము గనుక ఆ ఆత్మీయత చెక్ భాషలో చెప్పకయే వచ్చును. పుంలింగమైన 'చ్లున్' వాడినచో పోవును.

లంగరునకు చెక్ మాట 'కొత్వ'. పోలిష్, బల్గేరియన్ భాషలలోను దాని జ్ఞాతులు కలవు. దీర్ఘమైన తీరము గల మనము 'లంగరు'ను పారసీకమునుండి తెచ్చుకొంటిమి. తీరము లేనివారికి స్లావ్ మాట నిలిచియున్నది. తీరమున్నంతమాత్రమున పరిభాష పుట్టునను ఊహకు ఇది అడ్డుతగులును. ఓడ వెన్నుదూలము 'కీల్', గది 'కయుత' మాత్రము జర్మన్ ద్వారమున వచ్చినవి. వ్ల్తవ నది లాబె నదిలో కలియును. ఆ లాబెయే జర్మనీలో ఎల్బె యనబడి, హాంబుర్గ్ మీదుగా సముద్రమును చేరును. 1919 నాటి వెర్సాయ్ సంధి ననుసరించి హాంబుర్గ్ రేవులో కొంతభాగము 1929లో చెకొస్లొవాకియాకు 99 ఏండ్ల కౌలుకు ఈయబడెను. ఆ మార్గమున సరకులతోపాటు మాటలును రాకపోకలు సాగించినవి.

అయినను చెక్ పడవమాటల జీవము నదులయందున్నది. షుమవ అడవులనుండి ప్రాగ్ నగరమునకు దుంగల తెప్పలను నడిపిన 'వొరర్‌'లు స్లపీ, ఒర్లీక్ ఆనకట్టలు లేచువరకు వ్ల్తవపై ఉండిరి. దుంగల తెప్పలను నడుపు విద్యను యునెస్కో 2022లో చెక్ దేశమునకును మరియైదు దేశములకును ఉమ్మడి వారసత్వముగా గుర్తించెను. నేటి నదీవిహారులు ఇద్దరు తెడ్లు వేయు పడవలో వెనుకవానిని 'జదాక్' అనియు, ముందువానిని 'హాచెక్' అనియు అందురు. 'హాచెక్' అనగా చిన్న కొక్కెము. చెక్ అక్షరములమీద నిలుచు గుర్తునకు కూడ అదే పేరని భాషాశాస్త్రజ్ఞు లెరుగుదురు. ఆంగ్లమున ముందు తెడ్డువానిని ఆతని స్థానమునుబట్టియే పిలుతురు గనుక, ఈ కొక్కెము కోశమున ఇముడదు.

వీనిలో మిక్కిలి విచిత్రమైనది 'అహొయ్'. దూరపు ఓడను కేకవేయుటకు ఆంగ్లనావికులు వాడిన మాట ఇది. నదీవిహారులు, స్కౌటులు, అడవులలో విడిది చేయు 'ట్రాంపులు' రెండు ప్రపంచయుద్ధముల నడుమ దీనిని చెక్ దేశమంతట వ్యాపింపజేసిరి. క్రీస్తును స్తుతించు లాటిన్ వాక్యపు మొదటి అక్షరములనుండి పుట్టినదను వ్యుత్పత్తి జనులలో కలదుగాని, అది పిమ్మట అల్లినదే. ఇప్పుడు చనువుగలవారు కలిసినను 'అహొయ్', విడిపోయినను 'అహొయ్'. ఆంగ్లపదమునకు ఎదురుగా దీనిని వ్రాసినచో తప్పు లేదు. ఆ పట్టికనే తిరగవేసి చదివినవానికి మాత్రము, ప్రాగ్ ట్రాములోని ప్రయాణికులు ఒకరినొకరు ఓడలనుకొనుచున్నట్లు తోచును.