ఎపిసోడ్ 14: మాయకి కూలి ఎవరిస్తారు?

పోయిన ఎపిసోడ్‌లో నా ఫాంటసీ నవల మూడు చాప్టర్లు అయిపోయాయని గొప్పగా చెప్పా కదా. ఆ మూడూ తీసేశా. డిలీట్ కాదులెండి, అంత ధైర్యం లేదు, వేరే ఫోల్డర్‌లో పడేశా. ఎందుకు తీసేశానో, ఇప్పుడు మళ్లీ ఎలా రాస్తున్నానో ఈరోజు చెప్తా. మీలో చాలామంది ఫోన్‌లోనే కథలు రాసుకుంటుంటారు కాబట్టి పనికొస్తుందనుకుంటున్నా.

కథ రెండు ముక్కల్లో. యాదమ్మ అని పదిహేడేళ్ల అమ్మాయి, ఇంట్లో యాది అంటారు. చేనేత కుటుంబం. చీరలో తను ఏ బొమ్మ నేస్తే అది నిజమవుతుంది. చిలకని నేస్తే చిలక ఎగిరిపోతుంది, చెరువుని నేస్తే చెరువు నిండుతుంది. నాకైతే భలే అనిపించింది. మా చెల్లికి ఇచ్చా చదవమని. అది చదివేసి, "అక్కా, దొర మనుషులు వస్తే వాళ్లు పారిపోతున్నట్టు ఒక చీర నేసేస్తే అయిపాయె కదా, ఇంక భయం దేనికి?" అంది. నా దగ్గర జవాబు లేదు.

బ్రాండన్ శాండర్సన్ అని అమెరికన్ ఫాంటసీ రచయిత ఉన్నాడు. మాయతో కథలో చిక్కు విప్పాలంటే ఆ మాయ ఎలా పనిచేస్తుందో చదివేవాళ్లకి ముందే అర్థమై ఉండాలి అని 2007లో ఒక వ్యాసం రాశాడు. శక్తుల కన్నా వాటి హద్దులే ముఖ్యం అని కూడా అంటాడు. చదివి నోట్స్ రాసుకున్నా గానీ, నిజం చెప్పాలంటే ఇది మనకి కొత్త కాదు. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ఎవర్నైనా ఏమైనా చేయగలడు, కానీ వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది. ఆ చిలక లేకపోతే కథ ముందుకే పోదు.

నాకు అసలు లైట్ వెలిగింది మాత్రం కర్ణుడి దగ్గర. ఒకసారి వరసగా చూడండి. అడిగితే లేదనడు, అది ఆయన స్వభావం. అందుకే ఇంద్రుడు అడిగితే కవచకుండలాలు ఇచ్చేశాడు. బదులుగా శక్తి అనే ఆయుధం వచ్చింది, ఒక్కసారే వాడాలి. అర్జునుడి కోసం దాచుకున్నాడు. పద్నాలుగో రోజు రాత్రి ఘటోత్కచుడు సైన్యాన్ని తుక్కుతుక్కు చేస్తుంటే, కాపాడమని కౌరవులంతా మీద పడ్డారు. వాడేశాడు. అయిపోయింది. మనిషి గుణం వల్లే ఆయుధం చేతికొచ్చింది, చుట్టూ ఉన్నవాళ్ల భయం వల్ల అది ఖర్చయిపోయింది. ఇందులో క్యారెక్టర్ ఎక్కడ ఆగింది, మాయ ఎక్కడ మొదలైంది చెప్పండి? నేనేమో క్యారెక్టర్లకి ఒక ఫైల్, మాయకి ఒక ఫైల్ పెట్టుకుని కూర్చున్నా. యాది ఫైల్‌లో ఏముందంటే "ధైర్యవంతురాలు, మంచి అమ్మాయి" అని. అంతే. సిగ్గుగా ఉంది చెప్పాలంటే.

సరే, మరి హద్దు ఎక్కడి నుంచి తేవాలి? మా అమ్మమ్మ వాళ్లది భూదాన్ పోచంపల్లి దగ్గర. ఇక్కత్ చీర ఎలా అవుతుందో తెలుసా మీకు? బొమ్మ మగ్గం మీద పుట్టదు. నేయకముందే, నూలు మీదే డిజైన్ గీసి, రంగు అంటకూడని చోటల్లా రబ్బరు పట్టీలతో గట్టిగా కట్టి రంగులో ముంచుతారు. ఆరబెట్టి, విప్పి, ఇంకో రంగుకి మళ్లీ కడతారు. మగ్గం ఎక్కాక మనసు మార్చుకుంటానంటే కుదరదు. పైగా ఎంత జాగ్రత్తగా నేసినా బొమ్మ అంచులు కొంచెం చెదిరినట్టే ఉంటాయి, ఇక్కత్ అందమే అది.

దీన్నే రూల్ చేసేశా. జరగాల్సింది యాది ముందే కట్టాలి. దొర మనుషులు గుమ్మంలోకి వచ్చాక ఏం చేయలేదు. ఏది కట్టినా అంచు చెదురుతుంది, అంటే అడిగింది అడిగినట్టు జరగదు, కొంచెం పక్కకి పోతుంది. ఇప్పుడు ఇలాంటి విద్య ఎవరి చేతిలో పడితే ఇబ్బంది? ఆగలేనివాళ్ల చేతిలో. అందుకని మా యాది దేనికీ ఆగలేని పిల్ల అయింది. ముందు నోరు జారుతుంది, తర్వాత ఆలోచిస్తుంది. ధైర్యవంతురాలు అన్న మాట కొట్టేశా.

ఇంకోటి మిగిలింది, మూల్యం. కట్టడానికి ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ చేత్తో దారం తిప్పాలి. ఒక్క చీరకి చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ ఆడుతుంది. ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్లే చేసేవాళ్లు. చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ పడే నొప్పి చూడలేకే ఆసు యంత్రం కనిపెట్టారు, ఆమె పేరే పెట్టారు దానికి, లక్ష్మీ ఆసు యంత్రం అని. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2019లో 'మల్లేశం' సినిమా కూడా వచ్చింది, చూసే ఉంటారు. మా అమ్మమ్మ కుడి చెయ్యి జడ వేసుకోవడానికి కూడా పైకి లేచేది కాదు. చిన్నప్పుడు ముసలితనం వల్ల అనుకునేదాన్ని.

నా కథలో యంత్రం లేదు. యాది కట్టే ప్రతి మాయకీ ఆసు పోసేది వాళ్లమ్మ. చెరువు నిండితే ఊరంతా యాదికి దండం పెడుతుంది, అమ్మ భుజం మాత్రం కొంచెం కొంచెం పడిపోతుంటుంది. యాదికి అది కనపడదు, ఎందుకంటే అమ్మ చెప్పదు. అమ్మ ఎందుకు చెప్పదో రాయడానికే నాకు రెండు వారాలు పట్టింది. మొదట త్యాగమూర్తిలా రాశా, అస్సలు బాలేదు. ఇప్పుడు ఆమెకీ ఒక గర్వం పెట్టా. పేరు కూతురిదే అయినా, తను పోయకపోతే ఆ మాయే లేదని ఆమెకి తెలుసు.

దొరని కూడా మార్చా. ఊరికే క్రూరుడు కాదిప్పుడు. చావుబతుకుల్లో ఉన్న కూతురు ఉంది ఆయనకి. ఆ పిల్ల బతికినట్టు ఒక చీర కావాలంటాడు. అంత పెద్ద చీరకి ఆసు పోస్తే అమ్మ చెయ్యి ఇంక పనికిరాదు. యాదికి ఆ సంగతి ఇప్పుడే తెలిసింది, కానీ ఆగలేని పిల్ల కదా, సరేనని మాట ఇచ్చేసి వచ్చింది.

అక్కడ ఆగిపోయా. అమ్మ ఆసు ముందు కూర్చుంది, యాది గుమ్మంలో నిలబడింది. ఇద్దర్లో ఎవరు ముందు మాట్లాడాలో మూడు రకాలుగా రాసి చూశా, ఏదీ కుదర్లేదు. ఈ ఆదివారం అమ్మమ్మ వాళ్లింటికి వెళ్తున్నా, పాత ఆసు ఇంకా అటక మీదే ఉందట. కిందకి దించి, ఒక గంట నేనే పోసి చూసి, తర్వాత ఆ సీన్ మళ్లీ మొదలుపెడతా. వచ్చే ఎపిసోడ్‌లో చదివి వినిపిస్తా. ఉంటా మరి, బై.