బండిలో ఇన్వర్టర్: ధారావి ప్రయాణంలో మేం నేర్చుకున్న లెక్క



పోయిన పంట గూళ్ళు అమ్మి, షెడ్డు కడిగి, మందు కొట్టి ఖాళీగా ఉన్న వారంలో మా గుంపులోని మూడు కుటుంబాలం ఒక జీపు మాట్లాడుకుని ముంబై పోయి వచ్చాం. ధారావిలో మా చుట్టాల ఇంట్లో పెళ్ళి. పాలమూరు వాళ్ళకు ముంబై కొత్త కాదు కదా. నిజాం రాజ్యం నుంచి కట్టడం పనులకు పోయిన తెలుగు కూలీలను అక్కడ కామాటీలు అన్నారు. కామాటిపుర అనే పేరే వాళ్ళ మీద వచ్చింది.

ఈసారి పెళ్ళి ముచ్చట్లు కాదు, ఆ ప్రయాణంలో రెండుసార్లు దెబ్బ తిని నేర్చుకున్న కరెంటు లెక్క చెబుతాం. చాకీ పురుగులు తెచ్చుకునేటప్పుడు, గూళ్ళు మార్కెట్‌కు తీసుకుపోయేటప్పుడు మీకూ పనికొస్తుంది.

*మొదటి దెబ్బ: పెట్టె మీద 300, సాకెట్‌లో 15*

మాతో వచ్చిన పెదనాయనకు ఆయాసం. నెబ్యులైజర్ మిషన్ లేకుండా ఊరు దాటడు. అందుకని బండిలో పెట్టే చిన్న ఇన్వర్టర్ ఒకటి కొన్నాం. పెట్టె మీద 300 వాట్లు అని ఉంది. మిషన్‌కు 130 వాట్లే, ఇంకేం భయం అనుకున్నాం.

సోలాపూర్ దాటినంక అర్ధరాత్రి ఆయనకు దమ్ము ఎక్కువైంది. మిషన్ పెట్టాం, బాగానే నడిచింది. అప్పటికే అదే ఇన్వర్టర్‌కు పిల్లాడి లాప్‌టాప్, రెండు ఫోన్లు తగిలించి ఉన్నాయి. కొద్దిసేపటికి అన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. డ్రైవర్ పక్కనున్న సాకెట్‌లో కరెంటే లేదు. పెదనాయన జేబులో డాక్టర్ రాసిచ్చిన ఇన్‌హేలర్ ఉండబట్టి సరిపోయింది. ధాబా కనబడి, అక్కడి గోడ ప్లగ్గులో మిషన్ పెట్టేదాకా అరగంట మా ప్రాణాలు మా దగ్గర లేవు.

తప్పు ఎక్కడ జరిగిందో ధారావిలో మోటార్ వైండింగ్ పని చేసే మా మామ కాగితం మీద లెక్క వేసి చూపించాడు. ఇన్వర్టర్ చేసే పని బ్యాటరీలోని 12 వోల్టుల డిసి కరెంటును ఇంట్లో వాడే 230 వోల్టుల ఏసిగా మార్చడం. మార్చేటప్పుడు వందకు పది పదిహేను వంతులు వేడి రూపంలో పోతుంది. వాట్లను 12తో భాగిస్తే ఎన్ని ఆంపియర్లు లాగుతుందో వస్తుంది.

మేం తగిలించినవి: నెబ్యులైజర్ 130, లాప్‌టాప్ 65, ఫోన్లు 40. మొత్తం 235 వాట్లు. నష్టం కలిపితే 20 ఆంపియర్లు దాటింది. సిగరెట్ లైటర్ సాకెట్ ఫ్యూజు సాధారణంగా 10 లేదా 15 ఆంపియర్లే. ఇన్వర్టర్ 300 మోయగలిగినా, దానికి కరెంటు తెచ్చే సాకెట్ మోయలేకపోయింది. కాలువ చిన్నదైతే చెరువు ఎంత పెద్దదైనా మడికి అంతే నీళ్ళు.

గుర్తు పెట్టుకోండి: 10 ఆంపియర్ల సాకెట్ మీద 100 వాట్లు, 15 ఆంపియర్ల సాకెట్ మీద 150 వాట్లు. అంతకు మించి వద్దు. ఫ్యూజు పోయింది కదా అని 30 ఆంపియర్లది వేస్తే ఫ్యూజు కాలకుండా వైరు కాలుతుంది. బండి అంటుకుంటుంది.

*రెండో దెబ్బ: రాత్రంతా ఫ్యాన్*

చాల్‌లో గది చిన్నది, పెళ్ళి చుట్టాలు ఎక్కువ. మగవాళ్ళం కొందరం రోడ్డు పక్కన ఆపిన జీపులోనే పడుకున్నాం. ఉక్కపోతకు టేబుల్ ఫ్యాన్ ఇన్వర్టర్‌కు పెట్టుకున్నాం, ఒక ఫోను కూడా. ఇంజన్ బంద్.

లెక్క చూడండి. రెండూ కలిపి 60 వాట్లు, నష్టంతో 69. ఎనిమిది గంటలకు 552 వాట్ అవర్లు. 12తో భాగిస్తే 46 ఏహెచ్. మా బండి బ్యాటరీ మొత్తం 65 ఏహెచ్. పొద్దున తాళం తిప్పితే టిక్ టిక్ అని చప్పుడు తప్ప ఇంజన్ కదల్లేదు. పెళ్ళి బట్టలు వేసుకుని ఆ ఇరుకు రోడ్డు మీద జీపు తోసిన సంగతి ఇంకా మా ఆడవాళ్ళు నవ్వుకుంటున్నారు.

బ్యాటరీ తగ్గితే ఇన్వర్టర్ పీ పీ అని మోగి ఆగిపోతుంది కదా అంటారు. నిజమే, కానీ చాలావాటిలో అది ఆగేది పదిన్నర వోల్టుల దగ్గర. అప్పటికి స్టార్టర్ తిప్పే బలం బ్యాటరీలో మిగలదు. పైగా బండి బ్యాటరీ క్షణంసేపు గట్టిగా కరెంటు ఇవ్వడానికి చేసింది, గంటల తరబడి పిండడానికి కాదు. అట్లా నాలుగైదుసార్లు చేస్తే బ్యాటరీ ఆయుష్షు తగ్గిపోతుంది.

*మన పురుగుల బండికి ఏం పనికొస్తుంది?*

చాకీ పురుగులకు 27, 28 డిగ్రీల వేడి, 85 నుంచి 90 శాతం తేమ కావాలి. దారిలో ఎండ తగిలితే ఆ నష్టం పంట చివరిదాకా వెంటాడుతుంది. అట్లని ట్రేల మీదికి ఫ్యాన్ పెట్టకండి. గాలికి ఆకు వాడిపోతుంది, తేమ పోతుంది. చల్లని వేళలో ప్రయాణం, బండి చుట్టూ తడి గోనెపట్టా, ట్రేల మధ్య గాలి ఆడే సందు, వీటి తర్వాతే ఏ మిషనైనా. దూరం ఎక్కువైతే 25, 30 వాట్ల చిన్న హ్యూమిడిఫైయర్ ఇన్వర్టర్ మీద హాయిగా నడుస్తుంది. నీళ్ళ పొగ నేరుగా ఇన్వర్టర్ మీద పడకుండా చూసుకోండి.

గూళ్ళ సంచుల పక్కన ఇన్వర్టర్ పెట్టకండి. పట్టు నూగు దాని ఫ్యాన్ రంధ్రాల్లో చిక్కితే వేడెక్కుతుంది.

కరెంటు పోయినప్పుడు షెడ్డులో లైటు కోసం బండి ఇంజన్ నడుపుతామంటే ఒక మాట. బండిని షెడ్డుకు దూరంగా, గాలికి దిగువన ఆపండి. ఆ పొగ పురుగులకు పడదు. మూసిన చోట ఇంజన్ నడిపితే మనుషుల ప్రాణాలకే ముప్పు.

*కొనేముందు, వాడేముందు*

▪️ మోటారు ఉన్న వస్తువులకు ప్యూర్ సైన్‌వేవ్ రకం కొనండి. మాడిఫైడ్ రకం చవక, కానీ మోటారు గుయ్యిమంటూ వేడెక్కుతుంది.

▪️ మోటారు మొదలయ్యేటప్పుడు మామూలు కంటే రెండు మూడు రెట్లు లాగుతుంది. ఆ ఖాళీ ఉంచుకోండి.

▪️ రైస్ కుక్కర్, కెటిల్, ఇస్త్రీ పెట్టె పెట్టకండి. 500 వాట్ల కుక్కరైనా 45 ఆంపియర్లు దాటుతుంది.

▪️ 150 వాట్లు దాటితే నేరుగా బ్యాటరీకి మందపాటి వైరుతో బిగించాలి. ప్లస్ టెర్మినల్ దగ్గరే ఫ్యూజు ఉండాలి. ఈ పని ఆటో ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి.

▪️ లారీ, పెద్ద బస్సుల్లో 24 వోల్టులు ఉంటాయి. 12 వోల్టుల ఇన్వర్టర్ తగిలిస్తే కాలిపోతుంది.

▪️ బయటికి వచ్చేది 230 వోల్టులు, ఇంటి కరెంటంత ప్రమాదం. తడి చేతులతో ముట్టకండి, పిల్లలకు అందనివ్వకండి.

▪️ ఫోన్లకు ఇన్వర్టర్ దండగ. 12 వోల్టుల యూఎస్‌బి చార్జర్ చాలు.

▪️ ఇంట్లో నెబ్యులైజర్ వాడేవాళ్ళు ఉంటే ఇన్వర్టర్ ఒక్కదాన్నే నమ్ముకోకండి. బ్యాటరీతో నడిచే మిషన్ గురించి, ఇన్‌హేలర్ గురించి బయల్దేరే ముందే డాక్టర్‌ను అడగండి.

తిరుగు ప్రయాణంలో ఇన్వర్టర్‌కు నెబ్యులైజర్ ఒక్కటే పెట్టాం, అదీ ఇంజన్ నడుస్తుండగానే. పెదనాయన ఇంటిదాకా హాయిగా నిద్రపోయాడు.

మీ బండి సాకెట్ ఫ్యూజు ఎంతో ఇవాళే చూసి గ్రూపులో పెట్టండి. ఏ వస్తువు నడుస్తుందో, ఏది నడవదో లెక్క కట్టి చెబుతాం.