ఆనకట్ట కడుపులో ఉద్యోగం

కృష్ణానది మీద నాగార్జునసాగరం చూసి వచ్చిన పిల్లలు దాని 26 గేట్లను గురించీ, వాటినుంచి దూకే నీటిని గురించీ చెబుతారు. కాని అటువంటి పెద్ద రాతి ఆనకట్టల లోపల మనిషి నడిచే దారి ఉంటుందని చాలామంది ఎరగరు. దానిని గ్యాలరీ అంటారు. ఆనకట్టను కనిపెట్టి ఉండే ఇంజనీరుకు ముఖ్యమైన పని అక్కడే.

బయట ఎండకు బండలు పేలిపోతున్నా గ్యాలరీలో చల్లగా ఉంటుంది. మెట్లు తడిగా ఉండి జారుతాయి. గోడవారగా సన్నని కాలువలో నీరు పారుతూ ఉంటుంది. "అయ్యో, ఆనకట్ట కారుతున్నదే!" అని మీరు కంగారు పడతారేమో! ఎంత గట్టిగా కట్టినా రాతికట్టులోకి కొంత నీరు ఊరక మానదు. అది బయటికి పోవటానికి ఇంజనీర్లే కావాలని రంధ్రాలు తొలిపించి ఉంచుతారు.

ఎందుకంటే, 100 మీటర్ల లోతున నీరు ప్రతి చదరపు మీటరునూ సుమారు 100 టన్నుల బలంతో నొక్కుతుంది. పునాదిలోకీ, పగుళ్లలోకీ చొరబడిన నీరు ఆ బలంతోనే కట్టడాన్ని పైకి ఎత్తజూస్తుంది. రాతి ఆనకట్ట నిలిచేది తన బరువు మూలాన. ఆ బరువు తేలిపోతే ఇంకేముంది? ఫ్రాన్సులో బూజే ఆనకట్ట 1884లో కొంతమేర దిగువకు జరిగింది. దానికి మరమ్మతు చేసి మళ్లీ నీరు నింపారు. 1895లో అది తెగిపోయి, ఎనభైమందికి పైగా చనిపోయారు.

అందుకనే ఇంజనీరు ఊటనీటిని కొలుస్తాడు. కాలువకు అడ్డంగా ఒక రేకు, రేకులో మొన కిందికి ఉండే మూడుమూలల గంటు. గంటులో నీటి ఎత్తును స్కేలుతో చూసి, ఎంత నీరు పోతున్నదో లెక్క కడతాడు. ఎత్తు రెండింతలయితే నీరు రెండింతలనుకోకండి, అయిదున్నర రెట్లు దాటుతుంది! అందుచేత చూపు కాస్త తప్పినా లెక్క చాలా తప్పుతుంది.

వానాకాలంలో జలాశయం నిండితే ఊట పెరగటం సహజం. జలాశయం అలాగే ఉండి ఊట పెరిగితే కారణం వెతకాలి. వింత ఏమిటంటే, ఊట హఠాత్తుగా తగ్గినా అతనికి సంతోషం ఉండదు. ఇంట్లో కుళాయి కారటం మానితే మనకు హాయి. ఇక్కడ అలా కాదు. సిమెంటులోని సున్నం నీటిలో కరిగివచ్చి, రంధ్రాలలో తెల్లగా గడ్డకట్టి ఉండవచ్చు. అప్పుడు నీరు లోపలే నిలిచి పైకి నొక్కుతుంది. రంధ్రాలను మళ్లీ తొలిపించాలి.

తక్కిన పొద్దంతా కాగితాలతోనే సరి. వానలకు ముందు గేట్లు ఎత్తి దించి చూడాలి, ఇనప తాళ్లకు గ్రీజు పట్టించాలి. ఆ గ్రీజు తెప్పించటానికి మళ్లీ కాగితాలు! వరద వస్తే మటుకు రాత్రనక పగలనక నీటిమట్టం చూస్తూ ఉండాలి. గేట్లు ఎత్తేముందు దిగువ ఊళ్లకు కబురు అందిందో లేదో విచారించుకోవాలి. ఏటి ఒడ్డున గొడ్లు కాసే పిల్లలు ఉంటారు గదా!

వరద తీసిన తరవాత మళ్లీ టార్చిలైటు, స్కేలు, నోటుబుక్కు పట్టుకుని గ్యాలరీ మెట్లు దిగుతాడు.