భాగ్యనగరంలో బయటి భోజనం: ఏ పదార్థం, ఏ వేళ, ఎక్కడ?

ఆదివారం సాయంత్రమైతే చాలు, హైదరాబాదు నగరంలోని అనేక గృహాలలో ఒకే ప్రశ్న వినిపిస్తుంది: "ఈ పూట బయట ఎక్కడ తిందాము?" వారమంతా పొయ్యి ముందు నిలిచిన గృహిణికి ఒక పూట విశ్రాంతి, పిల్లలకు వేడుక, పెద్దలకు మార్పు. ఈ కోరికలో దోషమేమీ లేదు. అయితే సోమవారం ఉదయం వైద్యుని గడప ఎక్కేవారిలో "నిన్న రాత్రి హోటల్లో తిన్నామండీ, అప్పటి నుండి..." అని మొదలుపెట్టేవారు తరచుగా తటస్థపడుతూనే ఉంటారు. ఒకరికి గుండెల్లో మంట, ఒకరికి విరేచనాలు, మరొకరికి కడుపుబ్బరం. వీరిలో పలువురు తిన్న పదార్థాన్నే నిందిస్తారు. నిదానించి విచారిస్తే, చాలాసార్లు తప్పు పదార్థంలో గాక, తిన్న వేళలోనో, పరిమాణంలోనో కనిపిస్తుంది.

1591లో నిర్మితమైన ఈ నగరానికి నాలుగు దిక్కుల నుండి జనం వచ్చారు. నిజాముల సైన్యంలో కొలువు చేసిన యెమెన్ దేశపు అరబ్బులు బార్కస్‌లో స్థిరపడ్డారు. ఇరాన్ నుండి ముంబయి మీదుగా వచ్చిన కుటుంబాలు కూడళ్లలో ఇరానీ హోటళ్లు తెరిచాయి. మార్వాడీలు, గుజరాతీలు, కన్నడిగులు, తమిళులు, దేశ విభజన అనంతరం సింధీలు, కోస్తా, రాయలసీమ ప్రాంతాల వారు - అందరూ తమ తమ వంటలను వెంట తెచ్చుకున్నారు. తెలంగాణ పల్లెల జొన్నరొట్టె అంతకుముందే ఇక్కడ ఉన్నది. 2019లో యునెస్కో సంస్థ హైదరాబాదును ఆహార కళలకు పేరుగాంచిన సృజనాత్మక నగరాల జాబితాలో చేర్చినది.

ఇందరి వంటకాలు మనకు అందుబాటులోకి వచ్చాయి. కానీ ఆ వంటకాలతో పాటు వారు పాటించిన వేళలు, నియమాలు మనకు అందలేదు. ఏ పదార్థాన్ని దాని పుట్టింటివారు ఎప్పుడు, ఎంత, దేనితో తిన్నారో తెలుసుకొని తింటే, బయటి భోజనం వల్ల కలిగే బాధలు చాలావరకు తగ్గుతాయి.

చరకుని ఎనిమిది ప్రశ్నలు

చరక సంహిత విమానస్థానంలో ఆహారం మేలు చేయుటకు, కీడు చేయుటకు ఎనిమిది అంశాలు కారణమని చెప్పబడినది. అవి: పదార్థపు సహజగుణం (ప్రకృతి), వండిన విధానం (కరణం), దేనితో కలిపి తింటున్నాము (సంయోగం), ఎంత తింటున్నాము (రాశి), ఎక్కడ (దేశం), ఎప్పుడు (కాలం), ఏ నియమంతో (ఉపయోగసంస్థ), తినువాడు ఎవడు (ఉపయోక్త). హోటలు ఎంచుకొనుటకు కూడా ఇవే కొలబద్దలు. మనము సాధారణంగా రుచిని, ధరను మాత్రమే విచారించి, ఈ ఎనిమిదింటినీ విస్మరిస్తున్నాము.

ఉదయం

పాతబస్తీలో తెల్లవారుజామున లభించే నహారీ పేరులోనే పగలు అనే అర్థమిచ్చే అరబ్బీ పదం ఉన్నది. రాత్రంతా సన్నని సెగపై ఉడికిన ఈ మాంసపు పులుసు కుల్చాతో కలిపి పొద్దున్నే తినవలసినది. శరీరశ్రమ చేసేవారికి ఇది మధ్యాహ్నం వరకు బలాన్నిచ్చేది. తొమ్మిది గంటలకు తిని, పది గంటలకు కుర్చీలో కూర్చొనే ఉద్యోగి దీనిని నెలకొకమారు వేడుకగా స్వీకరించవచ్చును గాని, నిత్యకృత్యం చేసుకోరాదు. తిన్ననాడు మధ్యాహ్న భోజనం మజ్జిగతో తేలికగా ముగించవలెను.

శాకాహారులకు ఉదయపు వేళ ఉడిపి పద్ధతి టిఫిను హోటళ్లు ఉత్తమం. ఇడ్లీ ఆవిరిపై ఉడికినది, నూనె లేనిది, వేడిగా వడ్డించునది. అల్పాహారానికి ఇంతకంటె తేలికైనది దొరకుట కష్టం. అదే హోటల్లో పూరీ, వడ, నెయ్యి కారం దోసె ఒకే బల్లపైకి రప్పించుకుంటే ఆ లాభం నశిస్తుంది. చట్నీ విషయంలో జాగ్రత్త అవసరం. కొబ్బరి చట్నీ వేసవిలో త్వరగా పులుస్తుంది. నాలుకకు పులుపు, జిగురు తగిలితే పక్కన పెట్టవలెను.

మధ్యాహ్నం

జఠరాగ్ని మధ్యాహ్నవేళ బలంగా ఉంటుందని ఆయుర్వేద సిద్ధాంతం. కాబట్టి కుటుంబమంతా కలిసి బయట తినదలచుకుంటే ఆదివారం రాత్రికి బదులు ఆదివారం మధ్యాహ్నాన్ని ఎంచుకొనుట మంచిది. బిర్యానీ తినవలెనన్నా ఇదే తగిన సమయం. పచ్చి మాంసాన్ని పెరుగు, మసాలాలతో నానబెట్టి, సగం ఉడికిన బియ్యంతో కలిపి దమ్ చేసే మన నగరపు కచ్చీ బిర్యానీ సహజంగానే గురుత్వం గలది. దానితో వచ్చే మిర్చీ కా సాలన్‌లో వేరుశనగ, నువ్వులు, కొబ్బరి చేరి ఉంటాయి. అనగా అది గరిటెడు కలుపుకొనే వ్యంజనం. కూరవలె గిన్నెలకొద్దీ తినుటకు కాదు.

ఆంధ్ర భోజనశాలలలో ఫుల్ మీల్స్ విస్తరి ముందు కూర్చున్నప్పుడు రాశి అనే అంశం గుర్తుకు రావలెను. పొట్టను మూడు భాగాలుగా భావించి, ఒకటి ఘనాహారానికి, ఒకటి ద్రవానికి, ఒకటి దోషాల సంచారానికి విడువవలెనని చరకుడు సూచించినాడు. ఎంత అడిగితే అంత వడ్డిస్తారు గదా అని మూడవ భాగాన్ని కూడా నింపుట పొదుపు కాదు. గుజరాతీ, రాజస్థానీ థాలీలకు కూడా ఇది వర్తిస్తుంది. చిన్న గిన్నెలు పది ఉంటే మొత్తం చిన్నది కాజాలదు. బార్కస్ ప్రాంతంలో మండీ భోజనం ఒకే పెద్ద పళ్లెంలో నలుగురూ పంచుకొని తినే ఆచారం కలదు. పంచుకొని తినే ఈ పద్ధతిని మనము ఏ హోటల్లోనైనా పాటించవచ్చును.

సాయంకాలం

ఇరానీ హోటల్లో డికాక్షను, పాలు వేరువేరుగా మరిగించి కలిపే చాయ్, దానికి తోడు ఉస్మానియా బిస్కెట్టు ఈ నగరపు సొంత ముచ్చట. ఇది భోజనానికి, భోజనానికి మధ్య ఉండవలసినది. భోజనం కాగానే తేనీరు త్రాగితే ఆహారంలోని ఇనుము శరీరానికి సరిగా అందదు. రక్తహీనత గల స్త్రీలు భోజనానికి, చాయ్‌కి మధ్య కనీసం ఒక గంట వ్యవధి ఉంచవలెను.

పానీపూరి, చాట్ బండ్ల వద్ద ప్రధాన సమస్య నీరు. వర్షాకాలంలో కామెర్లు, టైఫాయిడు కలుషిత జలం వల్లనే వ్యాపిస్తాయి. ఆ నాలుగు నెలలు పానీపూరిని ఇంటిలో కాచి చల్లార్చిన నీటితో చేసుకొనుట ఉత్తమం. పచ్చికోడిగుడ్డుతో చేసిన మయొనైజ్ వల్ల జబ్బులు ప్రబలగా, తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30న దానిని ఒక సంవత్సరం పాటు నిషేధించినది. మోమో, షవర్మా వంటి వాటితో ఇచ్చే తెల్లని గుజ్జు ఏమిటో అడిగి తెలుసుకొననిదే పిల్లలకు పెట్టరాదు.

సాయంకాలం నగరపు వీధుల ప్రక్కన స్త్రీలు కళ్ల ముందే కాల్చి ఇచ్చే జొన్నరొట్టె మంచి ఆహారం. వేడిగా, నూనె లేకుండా, పీచుతో కూడి ఉంటుంది. అయితే జొన్నలోనూ పిండి పదార్థమే అధికం. మధుమేహ వ్యాధిగ్రస్తులు రొట్టెల లెక్క తప్పరాదు.

హలీం వేళ

2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాదీ హలీం, మన దేశంలో ఆ గౌరవం పొందిన మొదటి మాంసాహార వంటకం. గోధుమలు, మాంసం, పప్పులు, నెయ్యి కలిపి కట్టెల భట్టీపై గంటల తరబడి ఉడికించి, మెదిపి చేస్తారు. రంజాన్ మాసంలో పగలంతా ఉపవాసమున్నవారు ఖర్జూరంతో, పండ్లతో దీక్ష విరమించి, ఆపైన దీనిని తింటారు. ఖాళీ కడుపు, నిజమైన ఆకలి - ఈ రెండూ హలీంకు తోడుండవలసినవి. మధ్యాహ్నం నిండుగా భోంచేసి, సాయంత్రం సమోసా తిని, రాత్రి తొమ్మిదింటికి హలీం, దానిపై బిర్యానీ తినేవారికి అవి రెండూ లేవు. హలీం తినదలచిన రోజున పగటి భోజనం తేలికగా ఉంచి, రాత్రికి హలీంనే భోజనంగా భావించి, నిమ్మరసం పిండుకొని, భట్టీ వద్దనే వేడిగా తినవలెను.

హోటలు ఎంచుకొనుటలో గుర్తులు

1. జనసమ్మర్దం గల చోట పదార్థం నిలువ ఉండదు. ఖాళీ హోటల్లో పొడవైన మెనూ ఉంటే సందేహించవలెను.

2. ఆహార భద్రతా సంస్థ ఇచ్చిన 14 అంకెల లైసెన్సు సంఖ్య గోడపై కనిపించవలెను.

3. వేయించే నూనె నల్లబడి, నురుగు కట్టి, పొగ వస్తుంటే అక్కడ వేపుళ్లు తినరాదు. వాడిన నూనెలో పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే దానిని వంటకు వాడరాదని 2018 జులై 1 నుండి నిబంధన కలదు.

4. వండిన అన్నం గోరువెచ్చగా గంటల కొద్దీ ఉంటే విషక్రిములు పెరుగుతాయి. పొగలు వచ్చే అన్నమే తినవలెను. పార్సిల్ తెచ్చుకుంటే రెండు గంటల లోపున తినవలెను.

5. చేతులు కడుగుకొనే చోటు, బల్ల తుడిచే గుడ్డ - ఈ రెండూ చూస్తే వంటగది స్థితి ఊహించవచ్చును.

ఎవరు తింటున్నారు?

ఒకే బల్ల చుట్టూ తాతగారు, గర్భిణియైన కోడలు, అయిదేండ్ల మనుమడు కూర్చుంటారు. అందరికీ ఒకే పదార్థం తగదు. రోజుకు మొత్తం ఉప్పు 5 గ్రాములు మించరాదని నిపుణులు చెబుతున్నారు. హోటలు వంటలో ఉప్పు మన చేతిలో ఉండదు గనుక, రక్తపోటు గలవారు పచ్చళ్లు, అప్పడాలు, సూపులు వదలవలెను. ఇన్సులిన్ లేదా మధుమేహపు మాత్రలు తీసుకొనేవారు బల్ల ఖాళీ అయ్యేవరకు గంట సేపు నిరీక్షిస్తే చక్కెర పడిపోవచ్చును. వెంట ఏదైనా తినుబండారం ఉంచుకొనవలెను. రాత్రిపూట పెరుగు కూడదని ప్రాచీనులు చెప్పినందున, రాయితా బదులు పలుచని మజ్జిగ మేలు. చేపలు తిన్న పూట పాల పదార్థాలు కూడదన్నది ఆయుర్వేదంలో ప్రసిద్ధమైన విరుద్ధాహార నియమం.

ఇంటికి వచ్చిన తరువాత

తిన్న వెంటనే పడుకొనక, మెల్లగా కొంతదూరం నడిచి, కనీసం రెండు గంటల తరువాత నిద్రించవలెను. కడుపు బరువుగా ఉంటే అర చెంచా వామును గ్లాసు నీటిలో మరిగించి, వడపోసి, గోరువెచ్చగా త్రాగవచ్చును. గర్భిణులు, కడుపులో పుండు గలవారు వైద్యుని అడగనిదే దీనిని వాడరాదు. మరునాడు ఆకలి వేసేవరకు ఆగి, పెసరకట్టు లేదా పాతబియ్యపు జావ స్వీకరించవలెను. మధుమేహానికి మందులు వాడేవారు మాత్రం భోజనం మానరాదు. విరేచనాలు మొదలైతే ముందుగా ఓ.ఆర్.ఎస్. ద్రావణం త్రాగించవలెను. మలంలో రక్తం, తీవ్రజ్వరం, పసిపిల్లలలో మూత్రం తగ్గుట కనిపిస్తే ఇంటివైద్యం ఆపి ఆస్పత్రికి వెళ్లవలెను.

ఒక అనుభవం చెప్పి ముగిస్తాను. మా దగ్గరి బంధువు ఒకరు, అరవై దాటినవారు, ఒక విందులో రాత్రి పదకొండు గంటలకు బిర్యానీ తిని ఇంటికి వచ్చారు. రెండు గంటలకు ఛాతీలో బరువు, చెమటలు. "గ్యాసే, ఏమీ లేదు" అని వాము నీళ్లు, సోడా త్రాగి కూర్చున్నారు. ఆయన కోడలు మాత్రం ఒప్పుకోలేదు. "మామయ్యగారూ, గ్యాసయితే తెల్లారి నవ్వుకుందాము, ముందు లేవండి" అని బలవంతాన ఆస్పత్రికి తీసుకువెళ్లినది. అది గుండెపోటు. వేళకు చికిత్స అందినందున బ్రతికారు. ఛాతీలో బరువు, ఎడమచేతికి లేక దవడకు ప్రాకే నొప్పి, చెమట, ఆయాసం - వీటికి ఏ గృహవైద్యమూ లేదు. ఒక్క నిమిషం ఆలస్యం చేయరాదు.

ఆయన ఈనాటికీ బిర్యానీ తింటున్నారు. ఆదివారం మధ్యాహ్నం, కోడలితో పంచుకొని, సగం పళ్లెం మాత్రమే.