ఫోన్ స్క్రీన్ చదివిపెట్టే ఏఐ: చదివించుకుందాం, నిర్ణయం మాత్రం మనదే

ఫోన్ స్క్రీన్ మీద ఇంగ్లీషులో ఏదైనా వస్తే దాన్ని ఏఐతో తెలుగులో ఎలా చదివించుకోవాలో పై వీడియోలో చేసి చూపించాను. వీడియోలో త్వరగా దాటేసిన విషయాలను ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

బంగారుపాళ్యం దగ్గర తోతాపురి తోట ఉన్న ఒక పెద్దమ్మ నా దగ్గరికొచ్చి, "అబ్బోడా, ఇందులో ఏం రాసిందో సూడు. డబ్బు పడిందా లేదా?" అని ఫోన్ ఇచ్చింది. ఇంగ్లీషు మెసేజ్, రెండే లైన్లు. అది అర్థంగాక రెండుసార్లు బస్సెక్కి టౌన్‌కి పోయొచ్చిందంట.

ఇది చిన్న విషయం కాదు. 2025 సీజన్‌లో తోతాపురికి కిలో 12 రూపాయలని ప్రభుత్వం ప్రకటించింది. అందులో 8 రూపాయలు ఫ్యాక్టరీలు ఇవ్వాలి, 4 రూపాయలు ప్రభుత్వం రైతు ఖాతాలో వెయ్యాలి. ఐదు టన్నులు తోలిన రైతుకి ఆ 4 రూపాయల వాటానే 20 వేలు. అంత డబ్బు సంగతి తేల్చే మెసేజ్‌ని మనం చదవలేకపోతున్నాం.

నేను స్క్రీన్‌షాట్ తీసి ఏఐకి ఇచ్చాను. బ్యాంకు ఖాతాకి ఆధార్ లింకు కాలేదు, అందుకే డబ్బు వెనక్కి పోయింది అని తెలుగులో చెప్పింది. ఆమె నేరుగా బ్యాంకుకి పోయి ఆ ఒక్క పనీ అడిగింది. అంతవరకు ఏఐ మనకి పనికొచ్చినట్టే.

ఎలా చెయ్యాలి?

పవర్ బటన్, సౌండ్ తగ్గించే బటన్ రెండూ ఒకేసారి నొక్కితే చాలా ఫోన్లలో స్క్రీన్‌షాట్ పడుతుంది. జెమినీ గానీ చాట్‌జీపీటీ గానీ తెరిచి, ప్లస్ గుర్తు నొక్కి ఆ ఫోటో పెట్టండి. మైక్ నొక్కి ఇలా అడగండి: "ఇందులో ఉన్నది ఉన్నట్టు తెలుగులో చెప్పు. నీ సొంత మాట కలపొద్దు. సరిగా కనపడనిది కనపడలేదని చెప్పు."

ఆ చివరి మాట ముఖ్యం. ఎందుకంటే ఏఐ మనలాగా చదవదు. ఫోటోని చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడినీ అంకెలుగా మార్చుకుంటుంది. ముందు ఎన్నో బొమ్మలు, మాటల నుంచి నేర్చుకున్న పోకడల ఆధారంగా సమాధానం తయారు చేస్తుంది. అక్షరం మసకగా ఉన్నా ఒక్కోసారి ఆగదు, ఊహించి పూడ్చేస్తుంది. అదీ తడబడకుండా చెబుతుంది. కాబట్టి పేజీ మొత్తం ఇవ్వకుండా కావలసిన ముక్కని కత్తిరించి, పెద్దది చేసి ఇవ్వండి.

ముందు మనకు తెలిసిన దానితో పరీక్షించండి

నేను ఒక వీడియోలోని ద్రవ జీవామృతం పట్టికని స్క్రీన్‌షాట్ తీసి ఇచ్చాను. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ సరిగ్గానే చెప్పింది. బెల్లం దగ్గరకొచ్చేసరికి 2 కిలోల్ని 20 కిలోలంది! మనకు లెక్క తెలుసు కాబట్టి నవ్వుకున్నాం. తెలియని లెక్క అయితే? అదే ఫోటోని కత్తిరించి మళ్లీ ఇస్తే 2 అని సరిచేసుకుంది.

అందుకే అంకెలు వచ్చినచోట వేలు పెట్టి స్క్రీన్‌తో సరిచూసుకోండి. ఇంగ్లీషు రాకపోయినా అంకెలు మనకి వచ్చు కదా. మదనపల్లె టమాటా ధరల పట్టిక చదివించుకుంటే కనిష్ఠం, గరిష్ఠం, ఎక్కువగా పలికిన ధర వేర్వేరు గళ్లలో ఉంటాయి. ఏఐ ఒక వరస జారి పక్క మార్కెట్ ధర చెప్పొచ్చు. ధర క్వింటాలుకా, బాక్సుకా అన్నదీ అడగండి.

చదవడం వేరు, సలహా వేరు

ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. మామిడి పూత మీద తేనెమంచు పురుగు ఉన్న ఫోటో ఇచ్చి "ఏం చెయ్యాలి?" అంటే చాలాసార్లు రసాయన మందు పేరే ముందొస్తుంది. ఇంటర్నెట్‌లో రాసిపెట్టిన సమాచారంలో ఎక్కువ భాగం అదే, ఏఐ నేర్చుకున్నదీ దాని నుంచే. "రసాయనాలు వద్దు" అంటే నీమాస్త్రం చెబుతుంది, కానీ కొలతలు తప్పు చెప్పొచ్చు. పైగా దానికి మీ నేల తెలీదు, తోటలో మిత్రపురుగులు ఎన్ని ఉన్నాయో తెలీదు. ఆ ప్రశ్న మీ ఊరి ఐసీఆర్‌పీని అడగండి, లేదా కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కి ఫోన్ చెయ్యండి. తెలుగులోనే మాట్లాడతారు.

ఇవి మాత్రం చూపించొద్దు

ఓటీపీ, ఆధార్ నంబరు, ఖాతా నంబరు, ఏటీఎం కార్డు ఉన్న స్క్రీన్ ఏఐకి ఇవ్వొద్దు. ఆ ముక్క కత్తిరించి మిగతాది ఇవ్వండి. జెమినీ లైవ్‌లో స్క్రీన్‌ని నేరుగా చూపిస్తూ మాట్లాడే వీలు 2025లో ఉచితంగా వచ్చింది. బాగుంటుంది గానీ, ఆ సమయంలో మీ స్క్రీన్ మీదకొచ్చే మెసేజ్‌లు కూడా దానికి కనపడతాయి. పని అవ్వగానే ఆపెయ్యండి.

పీఎం కిసాన్ పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైల్ వస్తే "ఇది నిజమా?" అని ఏఐని అడగాల్సిన పనే లేదు. తెరవకుండా తీసెయ్యండి. పొరపాటున డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలి.

ఆ పెద్దమ్మకి ఇవన్నీ చెప్పి, స్క్రీన్‌షాట్ తియ్యడం నాలుగుసార్లు చేయించాను. చివరికి ఆమె అన్న మాట ఇది: "అయితే ఇది సదువుకున్న మనవడు లాంటిదన్నమాట. కాయితం సదివిపెడతాడు. సేద్యం మాత్రం వాడికి రాదు."

ఇంతకంటే బాగా నేను చెప్పలేను. ఈరోజే మీ ఫోన్‌లో ఉన్న ఒక పాత ఇంగ్లీషు మెసేజ్‌తో మొదలుపెట్టండి.